పిల్లి చింపేసిన పువ్వులు

క్రిస్మస్ పండక్కి ఇంట్లోనే ఇంకో చిన్న ఇల్లు కట్టే అలవాటు యూరప్‌లోనూ అమెరికాలోనూ చాలా కుటుంబాల్లో ఉంది. కొందరు అట్టతో కడతారు, కొందరు చెక్కతో, ఎక్కువమంది జింజర్‌బ్రెడ్ అనే మసాలా రొట్టెతో. ఆ ఇంటికి తలుపులుంటాయి, కిటికీలుంటాయి, కప్పు మీద మంచు కూడా ఉంటుంది. ఉండేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. పండగ నాళ్లు చూసి మురిసిపోయి, ఆ తర్వాత విరిచి తినేస్తారు. స్వీడన్‌లో దానికి తేదీ కూడా ఉంది, జనవరి 13. చెట్టుకున్న అలంకారాలన్నీ తీసేసి, ఆ ఇంటిని పగలగొట్టి పిల్లలకు పంచేస్తారు. మనం భోగిమంటలో పాతవన్నీ వేసే రోజులకు అటూ ఇటూగా.

వారాలకొద్దీ కట్టి, ఒక్క పూటలో పగలగొట్టే ఈ ఇంటిని చాలా ఇళ్లలో కట్టేది ఆడవాళ్లే. దాన్ని ఎవరూ పని అనరు. ‘సరదా’ అంటారు, ‘ఓపిక’ అంటారు, మరీ అభిమానముంటే ‘ఆమె చేతిలో కళ ఉంది’ అంటారు. నాకు ఆసక్తి కలిగించింది ఈ మాటలే. శ్రమకు శ్రమ అన్న పేరు రాకుండా కాపలా కాసే మాటలివి. వీటి గుట్టు విప్పిన నాటకం ఒకటి ఉంది. అందరం చదివాం, చాలామందిమి పాఠంగా చెప్పాం కూడా. ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’.

ఆ నాటకం అనగానే మనకు చివర్లో మూసుకున్న తలుపు చప్పుడు గుర్తొస్తుంది. ఆ తలుపు మొదట తెరుచుకున్నప్పుడు నోరా చేతుల్లో ఏముందో అంతగా గుర్తుండదు. పండగ సామాను పొట్లాలు. వెనకే కూలిమనిషి మోసుకొచ్చిన క్రిస్మస్ చెట్టు. అలంకరణ పూర్తయ్యేదాకా పిల్లలు చూడకూడదని ఆ చెట్టుని దాచమంటుంది. నాటకం నడిచేదంతా క్రిస్మస్ రోజుల్లోనే. పుస్తకం అచ్చయింది 1879 డిసెంబరు 4న, కోపెన్‌హాగన్ రాయల్ థియేటర్లో తొలి ప్రదర్శన అదే నెల 21న. అంటే తమ ఇళ్లలో చెట్టు అలంకరిస్తూనో, అలంకరించి వచ్చో మొదటి ప్రేక్షకులు ఆ నాటకం చూసి ఉంటారు. బొమ్మల కాపురం గురించిన నాటకాన్ని బొమ్మలు పేర్చే వారంలోనే చూశారు.

‘బొమ్మల కాపురం’ అని కావాలనే అంటున్నాను. నార్వేజియన్‌లో నాటకం పేరు ‘ఎట్ దుక్కెయెమ్’. ఆ భాషలో ‘హూస్’ అంటే కట్టడం, ‘యెమ్’ అంటే మనం సంసారం, కాపురం అని చెప్పుకునే ఇల్లు. ఇంగ్లీషు పేరులో వినిపించేది ఆటవస్తువు. ఇబ్సెన్ పేరు పెట్టింది మాత్రం కాపురానికి. గోడలూ కప్పూ కాదు ఆయన ప్రశ్న, ఆ గోడల మధ్య ఏ పని ఎవరి కంటికి ఎలా కనిపిస్తుందన్నది.

మొదటి అంకంలో హెల్మర్ కిందటేటి పండగను గుర్తు చేసుకుంటాడు. పండక్కి ముందు మూడు వారాలపాటు నోరా రోజూ సాయంత్రం గదిలో తలుపేసుకుని అర్ధరాత్రి దాటేదాకా కూర్చునేదట. చెట్టుకు కట్టే పువ్వులూ ఇంకా ఏవేవో అలంకారాలూ చేస్తోందని, ఇంట్లోవాళ్లను ఆశ్చర్యపరచాలనుకుంటోందని అతను అనుకున్నాడు. తన జీవితంలో అంత విసుగు పుట్టించిన రోజులు లేవంటాడు. తీరా చూస్తే పండగనాటికి ఏమీ లేవు. పిల్లి దూరి అన్నీ చింపేసిందని నోరా జవాబు. హెల్మర్ నవ్వేసి ఊరుకుంటాడు. పాపం, అందరినీ సంతోషపెట్టాలనే కదా, ఆ ఉద్దేశమే ముఖ్యం అన్నట్టు మాట్లాడతాడు.

కొన్ని పేజీల తర్వాత నోరా తన స్నేహితురాలు క్రిస్టీన్‌కు వేరే సంగతి చెబుతుంది. కిందటేడు చలికాలంలో తనకు బోలెడంత నకలు రాసే పని దొరికిందట. తలుపేసుకుని రోజూ చాలా రాత్రిదాకా రాసేదట. అలసట ఉండేది కానీ, కూర్చుని పనిచేసి డబ్బు సంపాదించడం ఎంతో బాగుండేదని, దాదాపు తానొక మగవాడినన్నట్టు అనిపించేదని అంటుంది.

ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నాటకంలో ఎక్కడా ఇది వివరించి చెప్పరు. పువ్వులు లేవు, పిల్లి చింపనూ లేదు. ఆ మూడు వారాల రాత్రులూ నోరా రాస్తూ కూర్చుంది. భర్త ఆరోగ్యం కోసం ఇటలీ తీసుకెళ్లడానికి అతనికి తెలియకుండా చేసిన 4,800 క్రోనర్ల అప్పుకు వాయిదాలు కట్టుకుంటోంది. తలుపు మూయడానికి ఆమెకు ఒక కారణం కావాలి. ఆ ఇంట్లో ఆడదాని మూసిన తలుపుకు చెల్లే కారణం ఒక్కటే, పండగ అలంకారం!

నోరాను నేను ఇక్కడే కలుసుకున్నాను. నా పీహెచ్‌డీ థీసిస్ చివరి అధ్యాయాలు రాసే సంవత్సరం సంక్రాంతి ముందు రోజులు నాకు బాగా గుర్తు. కొలువుకి మెట్లు కడుతూ రంగు కాగితాలు కత్తిరిస్తూ నాలుగ్గంటలు కూర్చుంటే ఇంట్లో ఒక్కరూ కదపలేదు. పైగా కాఫీ తెచ్చి ఇచ్చారు. అదే మనిషిని అదే గదిలో కాగితాల ముందు ఒక గంట కూర్చుంటే, ఇంకా అవలేదా అమ్మా ఆ రాత అని మూడుసార్లు అడిగారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కాగితం కత్తిరిస్తే అది ఇంటిది, కాగితం మీద రాస్తే అది నాది. అంతే తేడా. ఈ వ్యాసం చదువుతున్న వాళ్లలో ఎంతమంది కథలు పప్పు ఉడికే కుక్కర్ కూతల మధ్య మొదలయ్యాయో, ఎంతమంది ‘స్వెట్టర్ అల్లుతున్నా’ అన్న నెపం కింద చదువుకున్నారో లెక్క తీస్తే అదొక సాహిత్య చరిత్ర అవుతుంది.

హెల్మర్‌ను కొంచెం గమనిద్దాం. అతనికి అందమైన ఇల్లు కావాలి. అందం తయారయ్యే తీరు మాత్రం కంటపడకూడదు. రెండో అంకంలో క్రిస్టీన్ నోరా నాట్యం దుస్తుల్ని కుడుతూ ఉంటుంది. హెల్మర్ వచ్చే అలికిడి కాగానే నోరా ఆమెను లోపలికి పంపేస్తుంది, కుట్టుపని జరుగుతుంటే అతను చూడలేడని. మూడో అంకంలో కొద్దిగా తాగి వచ్చిన హెల్మర్ క్రిస్టీన్‌కు హితబోధ చేస్తాడు. అల్లిక మానేసి ఎంబ్రాయిడరీ చేసుకోవాలట, చూడ్డానికి అదే అందంగా ఉంటుందట. చేతులెలా కదులుతాయో నటించి కూడా చూపిస్తాడు. క్రిస్టీన్ తన పొట్ట తానే పోసుకునే మనిషి. మంచం పట్టిన తల్లినీ తమ్ముళ్లనీ సాకిన చేతులవి. ఆ చేతులు ఏం తయారుచేస్తున్నాయన్నది అతనికి పట్టదు, చేస్తున్నప్పుడు ఎలా కనబడుతున్నాయన్నదే పట్టింపు. అలంకరణను పితృస్వామ్యం మెచ్చుకునేది ఇలాగే. మెచ్చుకోలు వస్తువుకు కాదు, వస్తువు ముందు వంగి కూర్చున్న మెడకు.

అందుకే రెండో అంకం తెరలేచేసరికి మూలన నిలబడ్డ చెట్టు అంత భయంకరంగా ఉంటుంది. అలంకారాలు ఊడి, కాలిపోయిన కొవ్వొత్తి ముక్కలతో మోడులా ఉంటుంది. ముందు అంకం చివర క్రోగ్‌స్టాడ్ బెదిరించి వెళ్లాక నోరా వణికే చేతులతో, ఇక్కడ కొవ్వొత్తి, ఇక్కడ పువ్వు అనుకుంటూ అలంకరించిన చెట్టే అది. పండగ పని భయాన్ని దాచే పని కూడానని చెప్పడానికి ఇబ్సెన్‌కు ఆ ఒక్క చెట్టు చాలింది.

కానీ ఇబ్సెన్‌ను మెచ్చుకుని ఆగిపోతే మనం ఒకామెను మరిచిపోయినట్టే. ఆమె లారా కీలర్, రచయిత్రి. ఇరవై ఏళ్ల వయసులో, 1869లో, ఇబ్సెన్ ‘బ్రాండ్’ నాటకానికి కొనసాగింపుగా ‘బ్రాండ్ కూతుళ్లు’ అనే పుస్తకం రాసి ఆయన దృష్టిలో పడింది. ఆయన ఆమెను ముద్దుగా భరతపక్షి అనేవాడు. హెల్మర్ నోరాను పిలిచే పేరూ అదే. లారా భర్తకు క్షయ. ఆమె రహస్యంగా అప్పు చేసి అతన్ని ఇటలీ తీసుకెళ్లింది. అప్పు తీర్చడానికి ఆదరాబాదరా ఒక రాతప్రతి పూర్తి చేసి, ప్రచురణకర్తకు సిఫారసు చేయమని ఇబ్సెన్‌కు పంపింది. బాగాలేదని ఆయన నిరాకరించాడు. దారి మూసుకుపోయి ఆమె దొంగ పత్రం సృష్టించే దాకా వెళ్లింది. సంగతి బయటపడ్డాక భర్త ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించాడు, పిల్లల్ని దూరం చేశాడు. ఆ తర్వాత ఆమె తిరిగి ఆ ఇంటికే వెళ్లింది, రాస్తూనే బతికింది, 1932 దాకా. జీవితమంతా ‘నోరా అంటే ఈమే’ అన్న చూపును మోసింది.

ఇప్పుడు నాటకాన్ని మళ్లీ చూస్తే ఒకటి బాధిస్తుంది. లారా రాసింది తన సొంత రచన. నోరా రాసింది ఇతరుల రాతకు నకలు. నిజజీవితంలోని రచయిత్రి నాటకంలోకి వచ్చేసరికి లేఖకురాలైపోయింది. స్త్రీ విముక్తికి ప్రపంచం చెప్పుకునే నాటకం పుట్టే క్రమంలో ఒక స్త్రీ రచన కనపడకుండా పోయింది. పువ్వుల్ని చింపిన పిల్లి కల్పితమే కావచ్చు, రాతప్రతుల్ని చింపే పిల్లులు మాత్రం ఎప్పుడూ ఉన్నాయి.

ఇక రొట్టె ఇంటి దగ్గరికి వద్దాం. దానికి సాహిత్యంలో ఉన్న మూలకథ ‘హాన్సెల్, గ్రెటెల్’. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన సంపుటంలో ఉంది. అందులోది జింజర్‌బ్రెడ్ ఇల్లు కాదు, మామూలు రొట్టెతో కట్టింది, కప్పు కేకు, కిటికీలు పంచదార. కరువులో పిల్లల్ని అడవిలో వదిలేద్దామన్న తల్లి ఆ మొదటి ముద్రణలో కన్నతల్లే. 1840 ముద్రణకు వచ్చేసరికి సవతి తల్లిగా మారింది. కన్నతల్లి ఆకలికి ఓడిపోవడాన్ని మధ్యతరగతి ఇల్లు భరించలేకపోయింది కాబోలు. ఆ దిద్దుబాటుతో కరువు నేరం కాస్తా సవతితల్లి నేరమైంది. ఒంటరిగా బతుకుతూ, తిండితో ఇల్లు కట్టగల నేర్పున్న ముసలామె సంగతి సరేసరి. ఆమె మంత్రగత్తె, పొయ్యిలోకి తోసేయాల్సిన మనిషి. కుటుంబం కోసం వండితే అన్నపూర్ణ, ఎవరికీ చెందకుండా వండితే మంత్రగత్తె. ఈ న్యాయం మనకు పరాయిదేమీ కాదు. చేతబడి పేరుతో మన పల్లెల్లో ఒంటరి ఆడవాళ్ల మీద పడ్డ దెబ్బల్ని తలచుకుంటే ఆ పొయ్యి వేడి ఇక్కడికీ తగులుతుంది.

గ్రిమ్ సోదరులకు కథలు చెప్పినవాళ్లలో చాలామంది ఇరుగుపొరుగు ఇళ్ల యువతులే. వైల్డ్ కుటుంబం ఆడపిల్లలు, హాసెన్‌ప్‌ఫ్లుగ్ అక్కచెల్లెళ్లు. పుస్తకం మీద పేర్లు మాత్రం సోదరులవి. అదే కథ 1893 డిసెంబరు 23న వైమర్ నగరంలో ఒపేరాగా ప్రదర్శితమై క్రిస్మస్ ఆనవాయితీ అయిపోయింది. హంపర్‌డింక్ ఒపేరా అంటారు. దాని పాఠం రాసింది ఆయన చెల్లెలు అడెల్‌హైడ్ వెట్టె. పిల్లల చేత ఇంట్లో ఆడించుకోవడానికి పాటలు రాసుకుని, బాణీలు కట్టమని అన్నను అడిగింది. ఇంటి ఆటగా మొదలైనంతకాలం అది ఆమెది, రంగస్థలం ఎక్కాక ఆయనది.

ఈ లెక్క వంటింటి చేతిపనికీ వర్తిస్తుంది. న్యూరెంబర్గ్‌లో ఈ మసాలా రొట్టె చేసేవాళ్లకు 1643లో ప్రత్యేక వృత్తి సంఘం ఏర్పడింది. సంఘమంటే హక్కు, గిరాకీ, పేరు, మగవాళ్ల చేతుల్లో. అమెరికా అధ్యక్షభవనంలో 1969 నుంచి ఏటా జింజర్‌బ్రెడ్ ఇల్లు పెట్టే ఆనవాయితీ ఉంది. మొదలుపెట్టి రెండు దశాబ్దాలు దాటి చేసిన వంటమాస్టరు హాన్స్ రాఫర్ట్ పేరు చరిత్రలో నమోదైంది. అదే పిండితో, అదే నేర్పుతో తన వంటింట్లో యాభై ఏళ్లు కట్టిన అవ్వ పేరు ఏ నమోదులో ఉంది?

ఆ నేర్పు తక్కువదేమీ కాదు. అల్లం, దాల్చినచెక్క, లవంగం పొడులు, తేనె లేదా పాకం కలిపిన ముద్ద గట్టిగా ఉండాలి. మామూలు కేకులా పొంగితే గోడల అంచులు వంకరపోతాయి. ముందు అట్టతో కొలతలు కత్తిరించుకుని, పిండి పలక మీద పెట్టి కోయాలి. కాల్చి తీశాక వేడి మీదనే అంచులు సరిచేయాలి, చల్లారితే విరుగుతుంది. గుడ్డు తెల్లసొన, పంచదార పొడి కలిపి గిలక్కొట్టిన ముద్దే సిమెంటు. గోడలు నిలబెట్టి గంటలకొద్దీ ఆరనిచ్చాకే కప్పు వేయాలి, తొందరపడితే మొత్తం జారిపోతుంది. గట్టి బిళ్లల్ని నలిపి కిటికీ ఖాళీల్లో పోసి కరిగిస్తే అద్దాలు. ఇందులో కొలత ఉంది, బరువు లెక్క ఉంది, పదార్థ జ్ఞానం ఉంది. మగవాడు చేస్తే వాస్తు, నిర్మాణం అనే మాటలు వచ్చేవి.

ఇక్కడ స్త్రీవాద విమర్శకు ఒక చిక్కు ఉంది. విమల ‘వంటిల్లు’ కవిత చదివి పెరిగిన తరం మాది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలికీ ముగ్గులు పెట్టీ తన పేరే మరచిపోయిన ఇల్లాలు మాలో చాలామందికి అద్దం పట్టింది. ఇంటి అలంకరణ అనగానే అది సంకెల అని మనకు వెంటనే తోస్తుంది. తోచడం న్యాయమే. కానీ ఆ కథను జాగ్రత్తగా చదవండి. స్నేహితురాలు శారదకు ఆమె పేరుతోపాటు గుర్తుచేసిన వాటిలో ఆమె పాటా ఉంది, ఆమె వేసిన బొమ్మలూ ఉన్నాయి. ముగ్గు పెట్టిన వేళ్లూ బొమ్మ వేసిన వేళ్లూ ఒకటే. పోయింది కళ కాదు, ఆ కళ ఎవరిదో చెప్పే పేరు.

రోజికా పార్కర్ 1984లో వచ్చిన ‘ది సబ్‌వెర్సివ్ స్టిచ్’ పుస్తకంలో ఎంబ్రాయిడరీ గురించి చేసిన వాదన ఇదే దారిలో ఉంటుంది. స్త్రీలకు అణకువ నేర్పిన సాధనమూ అదే, ఆ అణకువను వాళ్లు ధిక్కరించడానికి వాడుకున్న సాధనమూ అదే. ఆలిస్ వాకర్ తన తల్లి తోటలో, ఊరూపేరూ లేని నల్లజాతి స్త్రీ కుట్టిన బొంతలో సృజనను చూడమంది. వాళ్లిద్దరి తర్వాత ‘అలంకరణా, విముక్తా’ అని అడగడం సరిపోదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ పని చేయనంటే ఆమెకు చెల్లుతుందా? చేస్తే పేరు ఎవరికి? చేసే వేళ ఆమెదా, ఎవరైనా ఎప్పుడైనా తలుపు తట్టగల వేళా?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆమె అలంకరిస్తున్నప్పుడు మిగతా పని ఎవరు చేస్తున్నారు? నోరా ఇంట్లో ఆన్-మరీ అనే దాది ఉంది. నోరాకు పాలిచ్చి పెంచడానికి తన బిడ్డను పరాయివాళ్లకు ఇచ్చేసి వచ్చిన మనిషి. నోరా పిల్లల్ని పెంచుతున్నదీ ఆమే. నోరా ధైర్యంగా తలుపేసుకుని వెళ్లిపోగలిగింది కూడా లోపల ఆన్-మరీ ఉందన్న భరోసాతోనే. ఆమె వెళ్లడానికి ఏ తలుపూ ఇబ్సెన్ పెట్టలేదు. బొమ్మల కాపురంలో బొమ్మ కూడా కాలేని మనిషి ఆమె. మన ఇళ్లలో కొలువు మెట్లు తుడిచే పనిమనిషిని కొలువు పేరంటానికి పిలుస్తామా అన్నది ఈ ప్రశ్నకు తెలుగు రూపం.

ఈ మాట దగ్గరే తెలుగు క్రిస్మస్ నాకు వేరుగా కనిపిస్తుంది. కోస్తా ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లలో, చర్చి ఆవరణల్లో పండక్కి కట్టేది మంచు కప్పిన మేడ కాదు, పశువుల పాక. గడ్డి కప్పు, మట్టి బొమ్మలు, ఇంటి ముందు వెదురు బద్దలకు రంగు కాగితం అతికించిన నక్షత్రం. సత్రంలో చోటు దొరకని ఒక నిండు చూలాలి కథ అది. సొంత చోటు కోసం తరతరాలు పెనుగులాడిన కుటుంబాలు, వాళ్లలో ఎక్కువమంది దళితులు, ఏటా ఆ పాకను కట్టుకుంటారు. అక్కడ కట్టే ఇల్లు సంపన్న గృహిణి ఓపికకు ప్రదర్శన కాదు, చోటు గురించిన జ్ఞాపకం. ఆ పాకలు కట్టే స్త్రీల మాటలు సేకరించి రాసేవాళ్లు మనలోంచి రావాలి. నా చదువు నాకు నేర్పిన పుస్తకాల్లో అవి లేవు.

పేరు మిగిలే పద్ధతిలో కట్టడమూ సాధ్యమే. ఇబ్సెన్ యువకుడిగా 1851 నుంచి ఆరేళ్లు నాటకశాలలో పనిచేసిన బెర్గెన్ నగరంలో, 1991 నుంచి ఏటా ఒక జింజర్‌బ్రెడ్ నగరం వెలుస్తోంది. బడులు, శిశువిహారాలు, కుటుంబాలు చేసి తెచ్చిన ఇళ్లన్నీ ఒకచోట పేరుస్తారు. 2009లో ఇంకా తెరవకముందే ఎవరో చొరబడి దాన్ని ధ్వంసం చేశారు. ఊరివాళ్లు మళ్లీ పిండి కలిపి మళ్లీ కట్టారు. ఇంట్లో పగిలిన ఇంటికి ఆమె ఒక్కతే బాధపడుతుంది, ఊరి మధ్య పగిలితే అది ఊరందరి పనిగా కనిపిస్తుంది. ఆ పని ఎంత పెద్దదో తెలియడానికి అది ఒకసారి బయట పగలాల్సి వచ్చింది.

నోరా ఆ మూడు వారాల్లో ఒక్క పువ్వూ చేయలేదు. అయినా కాపురం ఆమెకు కాగితపు పువ్వుల పేరున మాత్రమే సెలవిచ్చింది. మన ముందుతరం రచయిత్రుల జీవితాలు రాస్తున్నవాళ్లకు నా మనవి ఒకటి. వాళ్లు ఏ రాత్రులు కుడుతూ, అల్లుతూ, కొలువు కడుతూ గడిపారని ఇంట్లోవాళ్లు చెబితే, ఆ రాత్రుల దగ్గర కాసేపు ఆగండి. నిజంగానే కుట్టి ఉంటే ఆ కుట్టును వాళ్ల రచనల పక్కన నమోదు చేయండి. కుట్టు కనబడకపోతే, పిల్లి చింపిందన్న మాట నమ్మకుండా, కాగితాల కోసం వెతకండి.